ఈట్యాబ్స్ మంచి సాఫ్ట్‌వేరే, కానీ గోడల సంగతి మీరే చూసుకోవాలి

విజయవాడ వైపు స్టిల్ట్ ప్లస్ ఫైవ్ (కింద పార్కింగ్, పైన ఐదు అంతస్తులు) అపార్ట్‌మెంట్లు డిజైన్ చేసేవాళ్లు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడిగితే ఈట్యాబ్స్ అనే చెప్తాను. అంతస్తుల బిల్డింగుల కోసమే తయారైంది కాబట్టి ఒక ఫ్లోర్ గీసి మిగతా వాటికి కాపీ చేసుకోవచ్చు, మన భూకంప డిజైన్ కోడ్ ఐఎస్ 1893:2016 అందులోనే ఉంటుంది. రెస్పాన్స్ స్పెక్ట్రమ్, అంటే బిల్డింగ్ ఊగే తీరుని బట్టి భూకంప బలాన్ని లెక్కేసే డైనమిక్ అనాలిసిస్ కూడా తేలిగ్గా అయిపోతుంది, అది మనకి తప్పదు మరి. భూకంప ముప్పు తక్కువుండే జోన్ 2లో 15 మీటర్ల లోపు ఉండే రెగ్యులర్ బిల్డింగులకి తప్ప అన్నిటికీ ఆ 2016 కోడ్ డైనమిక్ అనాలిసిస్ అడుగుతుంది, దాని ప్రకారం విజయవాడ ఉన్నది జోన్ 3లో.

నాకు బాగా నచ్చింది మోడ్ షేప్ యానిమేషన్, అంటే బిల్డింగ్ సహజంగా ఊగే ఒక్కో తీరుని (మోడ్) కదిలే బొమ్మగా చూపించడం. లిఫ్ట్ గోడలన్నీ ఒక మూలకి నెట్టిన ప్లాన్ అయితే మొదటి మోడ్‌లోనే బిల్డింగ్ మొత్తం మెలితిరుగుతూ, ఎదురు మూల పిల్లర్లు విపరీతంగా ఊగుతూ కనిపిస్తాయి. అంకెలు చూపిస్తే ఒప్పుకోని ఆర్కిటెక్టులు ఇది చూశాక అటువైపు ఒక షియర్ వాల్‌కి (పక్కకి తోసే బలాన్ని ఆపే కాంక్రీట్ గోడ) చోటిస్తారు.

అసలు జాగ్రత్తంతా ఇటుక గోడల దగ్గరే. చాలామంది గోడని బీమ్ మీద బరువుగా ఇచ్చి వదిలేస్తారు. అలా చేస్తే పైన గోడలతో బిగుసుకున్న అంతస్తులకీ కింద ఖాళీగా ఉన్న పార్కింగ్‌కీ ఉన్న తేడా సాఫ్ట్‌వేర్‌కి తెలిసే దారే లేదు. 2001 భుజ్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలినవాటిలో ఇలా పార్కింగ్ మీద నిలబడ్డ అపార్ట్‌మెంట్లు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఓపిగ్గా గోడల్ని డయాగొనల్ స్ట్రట్లుగా (మూల నుంచి మూలకి ఆనించిన కర్రల్లా) మోడల్ చేయండి.

టైమ్ పీరియడ్, అంటే బిల్డింగ్ ఒకసారి ఊగి రావడానికి పట్టే సమయం కూడా దీనితో ముడిపడిందే. 18 మీటర్ల ఎత్తు, 16 మీటర్ల పొడవు ఉన్న బిల్డింగ్‌కి గోడలున్నప్పటి కోడ్ ఫార్ములా 0.4 సెకన్లు ఇస్తుంది, గోడల్లేని మోడల్ 1.4 చూపించిందనుకోండి, మీడియం సాయిల్‌లో ఎస్ఏ బై జీ (భూకంప బలాన్ని నిర్ణయించే కోడ్ గుణకం) 2.5 నుంచి 1 లోపుకి పడిపోతుంది. అంటే బిల్డింగ్ మీద పడే భూకంప బలం సగం కూడా లెక్కలోకి రాదు. అందుకే డైనమిక్ బేస్ షియర్ (బిల్డింగ్ అడుగున పడే మొత్తం పక్క బలం) తక్కువొస్తే కోడ్ ఫార్ములాతో వచ్చే స్టాటిక్ విలువ దాకా పెంచమని కోడ్ చెప్తుంది. మోడల్ మార్చిన ప్రతిసారీ ఆ స్కేల్ ఫ్యాక్టర్ మళ్లీ సరిచూసుకోండి. క్రాక్డ్ సెక్షన్‌కి (పగుళ్లతో కాంక్రీట్ బిగువు తగ్గడాన్ని లెక్కలోకి తేవడానికి) బీములకి 0.35, పిల్లర్లకి 0.7 ఇవ్వడం కూడా మర్చిపోవద్దు.

చిన్న ఆఫీసులకి లైసెన్స్ ఖరీదు భారమే, అయినా ఏడాది పొడవునా అపార్ట్‌మెంట్ పనులుంటే తీసుకోవచ్చు. ఒక్క మాట, ఇది చెప్పేది స్టీల్ ఎంత కావాలో అంతవరకే. పిల్లర్ రింగుల హుక్కులు 135 డిగ్రీలు వంచాలని భూకంపాన్ని తట్టుకునేలా స్టీల్ కట్టే పద్ధతి చెప్పే ఐఎస్ 13920 కోడ్ ప్రకారం డ్రాయింగ్‌లో స్పష్టంగా వేసి, కాంక్రీట్ పోసే ముందు సైట్‌కి వెళ్లి చూడాల్సింది మాత్రం మనమే.