కథలోని వైద్య పిల్లికి ఏ ఆకు మేలు?

అడవిపిల్లుల గణాల మీద కథలు చదివేవాళ్లకీ రాసేవాళ్లకీ వైద్య పిల్లి అంటే ఒక ప్రత్యేకమైన ఇష్టం. పోట్లాటకు వెళ్లే పిల్లులు ఎన్ని ఉన్నా, గుహ మూలలో ఎండుటాకుల్ని వాసన చూసి వేరుచేస్తూ కూర్చునే ఆ ముసలి పిల్లి దగ్గరే మనసు ఆగిపోతుంది. నేను రాస్తున్న కథలో ఆమె పేరు గోరింట. ఆమె గుహలో ఏ మూలికలు ఉండాలో తేల్చుకోవడానికి, మొదటి మూడు అధ్యాయాలు రాయడానికి పట్టినంత టైమ్ పట్టింది నాకు.

మొదట నా లిస్టంతా మనుషుల వైద్యమే. దెబ్బకి ఈ ఆకు, దగ్గుకి ఆ వేరు, నొప్పికి ఇంకో బెరడు. అలా ఉండగా ఒకరోజు మా పిల్లి ముందుకాలి మీద గీరుకుపోయిన గాయంతో ఇంటికొచ్చింది. గోడ పక్కనే గడ్డి చేమంతి ఉంది. నాలుగాకులు అరచేతిలో నలిపి ఆ పసరు గాయం మీద పిండాను. అది రెండడుగులు పక్కకి జరిగి, కూర్చుని, కాలెత్తి పసరంతా నాకేసింది. చుక్క మిగల్లేదు. నిమిషం తిరక్కుండానే మూతి చుట్టూ నురగ, ధారగా చొంగ, ఆగకుండా తల విదిలింపు. భయపడి డాక్టర్ దగ్గరికి ఎత్తుకెళ్లాను. ఆయన గాయాన్ని సెలైన్‌తో కడిగి, "చేదు తగిలితే పిల్లులు ఇలాగే చొంగ కారుస్తాయి. పిల్లికి పైపూత అంటూ ఏదీ ఉండదండీ, పూసిందంతా పొట్టలోకే" అన్నారు.

ఆ మాటతో నా లిస్టు సగం చెరిగిపోయింది. పిల్లి రోజూ ఎన్నోసార్లు ఒళ్లు నాక్కుంటుంది. దానికి రోలు లేదు, పొయ్యి లేదు. వైద్య పిల్లి ఆకు నూరాలంటే నమలాలి, అంటే మొదటి డోసు ఆమె పొట్టలోకే పోతుంది. దీనికితోడు పిల్లి లివర్ కూడా మన లివర్‌లా పనిచేయదు. మనం తేలిగ్గా విరిచి బయటికి పంపేసే మందుల్లో కొన్నిటిని విరిచే శక్తి ఇంటి పిల్లి నుంచి సింహం దాకా ఆ జాతి మొత్తానికే తక్కువ. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదంటే కారణం అదే. అందుకే ఇప్పుడు ఏ మొక్కనైనా ముందు ఒకటే ప్రశ్న అడుగుతున్నాను: నాకితే ఏమవుతుంది?

రక్తం ఆపడానికి: సాలెగూడా, గడ్డి చేమంతా?

పిల్లి గణాల కథల్లో సాలెగూడు లేని వైద్యం ఉండదు. ఇది కేవలం ఊహ కాదు. పాతకాలపు గ్రీకులు, రోమన్లు కూడా గాయాల మీద సాలెపట్టు వేసేవాళ్లు. కారుతున్న రక్తం గడ్డకట్టాలంటే పట్టుకోడానికి ఏదో ఒక ఆధారం కావాలి. ఆ సన్నటి పోగుల అల్లిక ఆ పని చేస్తుంది. నాకినా వచ్చే నష్టం దాదాపు లేదు, అది ప్రొటీన్ దారమే. పైగా పంజాకి చుట్టుకుని మూడు కాళ్ల మీద పరిగెత్తుకు రావచ్చు. మూలల్లో పాతబడిన గూడులో మాత్రం దుమ్ము, పురుగుల ముక్కలు, క్రిములు ఉంటాయి. అందుకే మా గోరింట తెల్లవారుజామున పొదల మీద కొత్తగా అల్లిన గూళ్లే ఏరుతుంది. మంచుచుక్కలు ఇంకా వేలాడుతుండగా, మీసాలకు అంటకుండా, ఒక్కో పోగునీ పంజా చుట్టూ తిప్పుకుంటూ.

గడ్డి చేమంతిని కొందరు గాయపాకు అంటారు. పేరులోనే దాని పని ఉంది. ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో గాయం మాననివ్వడంలో దీని పసరుకి మంచి మార్కులే వచ్చాయి. కానీ చేదు. నాలుక అందే చోట పూస్తే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

మరి నాలుక అందని చోట? మెడ వెనక, నడినెత్తి మీద, చెవుల మధ్య. అక్కడైతే గడ్డి చేమంతే మేలని రాసేసి సంబరపడ్డాను కూడా. తర్వాత గుర్తొచ్చింది, పిల్లులు ఒకదాన్నొకటి నాకేది సరిగ్గా అక్కడే, తలా మెడా. అంటే గోరింట మందు వేసి వదిలేస్తే సరిపోదు, గుహ బయట కూర్చున్న తల్లిపిల్లిని ఆపాలి. దెబ్బ తిన్న బిడ్డని రాత్రంతా నాకకుండా ఉండటం ఏ తల్లివల్ల అవుతుంది? ఒక మొక్క గుణం సరిగ్గా తెలుసుకుంటే కథకి సీన్ దానంతటదే దొరుకుతుందని నాకు అర్థమైంది ఇక్కడే.

చీము పట్టిన గాయానికి

ఇక్కడ ముందు ఒక పేరు గందరగోళం తీర్చాలి. ఇంగ్లిష్ కథల్లో మారిగోల్డ్ అని చదివి మనం బంతి అని రాసేస్తున్నాం. గాయాల వైద్యంలో పేరున్న మారిగోల్డ్ వేరు. అది మధ్యధరా ప్రాంతం వైపు నుంచి వచ్చిన కాలెండులా. మనకి తెలిసిన బంతి మెక్సికో వైపు మొక్క. రెండూ ఒకే పెద్ద కుటుంబానివే కానీ గుణాలు ఒకటి కావు. కాలెండులా పిల్లులకి విషం కాదు, కాబట్టి నాకుడు పరీక్షలో పాసైంది.

దానికి పోటీగా కథల్లో ఎక్కువగా కనిపించేది అడవి వెల్లుల్లి, ముఖ్యంగా ఎలుక కాటుకి. క్రిములని చంపడంలో వెల్లుల్లికి తిరుగులేదు నిజమే. కానీ ఉల్లి, వెల్లుల్లి జాతి మొత్తం పిల్లి రక్తకణాలని పగలగొడుతుంది. పిల్లి హిమోగ్లోబిన్‌లో ఆ దెబ్బకి దొరికే చోట్లు 8 ఉంటాయి, మనిషిలో 2 మాత్రమే. వెల్లుల్లిలో పొర్లించిన పిల్లి చీము నుంచి బయటపడి రక్తహీనతతో పోతుంది. మంచి వైద్య పిల్లి చేత ఆ పని చేయించకండి. మిడిమిడి జ్ఞానపు శిష్యుడి చేత చేయించండి, కథ నడుస్తుంది.

జలుబు, దగ్గు: క్యాట్‌నిప్, సిల్వర్ వైన్, కుప్పింటాకు

ఈ మూడింటి దగ్గరే నేను ఎక్కువ రోజులు ఆగిపోయాను. క్యాట్‌నిప్ అంటే పిల్లులు మత్తెక్కినట్టు పొర్లే పుదీనా జాతి మొక్క. కథల్లో అది దగ్గుకి సంజీవని. వాస్తవానికి పిల్లుల జలుబు చాలావరకు హెర్పిస్, కాలిసి అనే రెండు వైరస్‌ల పని. క్యాట్‌నిప్ వాటిని చంపదు. జలుబు చేసిన పిల్లికి అసలు ప్రమాదం ముక్కు మూసుకుపోవడం. వాసన తెలియకపోతే పిల్లి తిండి ముట్టదు. అందుకే నా కథలో జలుబుకి మొదటి మందు ఆకు కాదు, అప్పుడే పట్టి తెచ్చిన, ఇంకా వేడి ఆరని ఎలుక. వేడికి వాసన లేస్తుంది, వాసనకి ఆకలి లేస్తుంది.

అలాగని క్యాట్‌నిప్‌ని పక్కన పెట్టక్కర్లేదు, దాని పని వేరు. దాని ఆకు నలిగితే నెపెటలాక్టోన్ అనే పదార్థం బయటికొస్తుంది. జపాన్‌లో పెరిగే సిల్వర్ వైన్ అనే తీగ ఆకుల్లో దానికి దగ్గరి చుట్టం, నెపెటలాక్టాల్. 2021లో జపాన్ పరిశోధకులు చూపించింది ఏమిటంటే, ఆ ఆకుల్లో పొర్లి తలకీ మొహానికీ రుద్దుకున్న పిల్లుల మీద దోమలు తక్కువగా వాలాయి. మనం మత్తు అనుకున్నది దోమతెర వేసుకోవడం అన్నమాట! జూలో ఉన్న చిరుత, జాగ్వార్, లింక్స్ లాంటి అడవి జాతి పిల్లులు కూడా ఆ వాసనకి అలాగే రుద్దుకున్నాయి. పులులు మాత్రం ఈ వాసనలని పెద్దగా పట్టించుకోవు. మీ గణంలో పెద్ద పులి ఉంటే ఇది గుర్తు పెట్టుకోండి.

రెండింటిలో ఏది మేలంటే సిల్వర్ వైనే. 100 ఇంటి పిల్లులని చూసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో సిల్వర్ వైన్‌కి దాదాపు 80 పిల్లులు స్పందించాయి. క్యాట్‌నిప్‌కి మూడింట ఒక వంతు కదలనే లేదు. అది పుట్టుకతో వచ్చే తేడా. అలాగే నెలల కూన క్యాట్‌నిప్‌ని పట్టించుకోదు, కొంత వయసు రావాలి. మా కథలో చుక్క అనే కూన పెద్దవాళ్లంతా పొర్లుతుంటే అర్థం కాక చూస్తూ నిలబడుతుంది.

కానీ నా మనసు కుప్పింటాకు మీద ఉంది. చెత్తకుప్పల పక్కన, గోడల వెంట మొలిచే ఈ మామూలు మొక్క వేరు పీకితే పిల్లి ఎక్కడున్నా వచ్చేస్తుంది. నేను చూశాను. మట్టి అంటుకున్న వేరుని రెండు ముందుకాళ్లతో నేలకి అదిమిపట్టి, బుగ్గలు ఒకదాని తర్వాత ఒకటి రాస్తూ, తల నేలకి ఆనించి ఉండిపోయింది. తమిళంలో దీన్ని పూనై వణంగి అంటారు, పిల్లి వంగి దణ్ణం పెట్టే మొక్క అని. కథకి ఇంతకన్నా అందమైన పేరు ఏ మొక్కకుంది? అయితే ఇది వాసనకే, మింగడానికి కాదు. కొందరు మనుషుల్లోనే దీనివల్ల రక్తకణాలు చితికిన సందర్భాలున్నాయి. కాబట్టి గోరింట గుహలో ఇది వేలాడుతుంది కానీ ఎవరి నోటికీ అందదు.

నొప్పికి

విల్లో అనే చెట్టు బెరడులో ఉండే సాలిసిన్ ఆస్పిరిన్‌కి దగ్గరి చుట్టం. ఆస్పిరిన్ పిల్లి ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 40 గంటలు పడుతుంది. అంటే పొద్దునా సాయంత్రం బెరడు నమిలించే వైద్య పిల్లి మూడోరోజుకి రోగిని చంపుకుంటుంది. గసగసాల మొక్క పాలు మనిషిని నిద్రపుచ్చుతాయి, పిల్లిని మాత్రం మోతాదు మించితే కళ్లు పెద్దవి చేసుకుని పిచ్చెక్కినట్టు తిరిగేలా చేస్తాయి. రెండూ వద్దు.

వీటికన్నా సిల్వర్ వైనే నయం. అందులో పొర్లిన పిల్లి రక్తంలో బీటా ఎండార్ఫిన్, అంటే ఒంట్లోనే పుట్టే నొప్పి మందు, పెరిగిందని అదే 2021 పరిశోధనలో తేలింది. ఎముక విరిగిన పిల్లికి ఇది చాలదు. కానీ ముల్లు పీకేటప్పుడు ఆ కాసేపు గట్టెక్కించే మందు అని కథలో రాస్తే నమ్మొచ్చు.

కడుపు విషయంలో పెద్దగా ఆలోచించక్కర్లేదు. గరికే. నిజం పిల్లులు కూడా గడ్డి తింటాయి, పేగుల్లో పురుగులని నెట్టేయడానికి పూర్వం నుంచి వచ్చిన అలవాటని పరిశోధకులు అనుకుంటున్నారు. కలబంద మాత్రం పెట్టకండి, పిల్లులకి పడదు.

ఒక మాట మధ్యలో చెప్పేయాలి. ఈ బేరీజు అంతా కథలోని పిల్లులకే. మీ ఒళ్లో పడుకున్న పిల్లికి దెబ్బ తగిలితే దయచేసి ఏ ఆకూ కోయకండి, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. నేను చేసిన పని మీరు చేయొద్దు.

విషానికి: గన్నేరా, లిల్లీనా?

కథలో విలన్ ఉంటే విషం కూడా కావాలి. మనకి చటుక్కున గుర్తొచ్చేది గన్నేరు. గుండెని ఆపేస్తుంది, కానీ దాదాపు ప్రతి జంతువునీ చంపుతుంది, అందులో పిల్లుల కథకి ప్రత్యేకమైంది ఏమీ లేదు. లిల్లీ అలా కాదు. మనం దండల్లో చూసే లిల్లీ కాదు, అది వేరే మొక్క. పెద్ద బాకా పూలు పూసే అసలు లిల్లీ. దాని ఆకు, రేకు, కుండీలో నీళ్లు, ఆఖరికి పుప్పొడి కూడా పిల్లి మూత్రపిండాలని ఒకటి నుంచి మూడు రోజుల్లో పాడుచేస్తుంది. కుక్క తింటే కడుపు పాడవుతుంది, అంతే. పిల్లికే ఇంత చేటు. నమలక్కర్లేదు, పువ్వుని రాసుకుంటూ వెళ్లి తర్వాత ఒళ్లు నాక్కుంటే చాలు. అందుకే నా ఓటు లిల్లీకే.

దీనికి విరుగుడు ఆకు లేదు, నేను కల్పించనూ లేదు. మా చుక్క వీపంతా పసుపు పుప్పొడితో గుహలోకి గంతులేస్తూ వచ్చినప్పుడు గోరింట మూలికల వైపు చూడను కూడా చూడదు. కూనని మెడ దగ్గర పట్టుకుని వాగులోకి ఈడ్చుకెళ్తుంది. మునిగి లేచిన చుక్క వణుకుతూ అలవాటుగా నాలుక బయట పెడుతుంది. గోరింట తన పంజా దాని మూతి మీద పెట్టి, పారే నీళ్లలో అలాగే నిలబడుతుంది.