ఆరేళ్లుగా వాడుతున్న ఎలక్ట్రానిక్ రికార్డు వ్యవస్థ: ఒక వైద్యుడి సమీక్ష

జిల్లా కేంద్రంలోని 120 పడకల ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేస్తూ, ఎలక్ట్రానిక్ మెడికల్ రికార్డు వ్యవస్థను ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా మా వార్డుల్లో అందరూ నమ్మేది కాగితపు కేస్‌షీటునే.

వ్యవస్థను ఎంపిక చేసినప్పుడు అకౌంట్స్, ఫార్మసీ విభాగాల వారిని సంప్రదించారు గాని, నైట్ డ్యూటీ చేసే సిస్టర్లను ఎవరూ అడగలేదు. అందువల్ల బిల్లింగ్ చక్కగా నడుస్తుంది. మందులు రాయడం మాత్రం కష్టం. ఒక్క పారాసిటమాల్ రాయడానికి మోతాదు, రూపం, మార్గం, వ్యవధి అంటూ నాలుగైదు తెరలు దాటాలి. ఉదయం ఓపీలో 80 మంది ఎదురుచూస్తుంటే అది సాధ్యపడక, మేమంతా చీటీ మీద రాసి పంపడం, సాయంత్రం ఆపరేటర్ దాన్ని టైప్ చేయడం అలవాటైపోయింది. ఈ అలవాటు వల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. రెండు మందులు కలిస్తే ప్రమాదమని హెచ్చరించే సౌకర్యం ఇందులో ఉంది, కానీ ఆ హెచ్చరిక రోగి మందు వేసుకుని ఇంటికి వెళ్లిన తర్వాత, దాని అర్థం తెలియని ఆపరేటర్‌కు కనిపిస్తుంది. ఆయన ఓకే నొక్కి ముందుకు వెళ్తారు. అందులో ఆయన తప్పేమీ లేదు.

వార్డులోనూ ఇదే పరిస్థితి. 30 పడకలకు నర్సింగ్ స్టేషన్‌లో ఒకే కంప్యూటర్ ఉండడంతో, సిస్టర్లు బీపీ, జ్వరం కాగితం మీద రాసుకుని షిఫ్టు చివర ఎక్కిస్తారు. రాత్రి 2 గంటలకు వచ్చిన జ్వరం తెర మీద ఉదయం 6:40కి వచ్చినట్టు కనిపిస్తుంది.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది పేర్ల సమస్య. మన దగ్గర ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనుక, మరోసారి పొడి అక్షరంగా వస్తుంది; వెంకటేశ్వర్లు అనే పేరును ఇంగ్లిషులో ఎన్ని రకాలుగానైనా రాయవచ్చు; ఒకే ఫోను నంబరు ఇంటిల్లిపాదికీ ఉంటుంది. అలా ఒకే మనిషికి రెండు రికార్డులు ఏర్పడి, పెన్సిలిన్ పడదన్న విషయం పాత రికార్డులోనే ఉండిపోయిన సందర్భం నాకు ఎదురైంది. రోగి భార్య గుర్తుచేయడం వల్లే ఇంజెక్షన్ ఆపగలిగాము. 2021లో దేశమంతటా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో భాగంగా ఒక్కో వ్యక్తికి ఇచ్చే 14 అంకెల ఆభా అనే ఆరోగ్య గుర్తింపు సంఖ్యను రిజిస్ట్రేషన్ కౌంటరులో అడిగి నమోదు చేస్తే ఇలాంటివి చాలావరకు తగ్గుతాయి. మా కౌంటరులో రద్దీ వేళ దాన్ని వదిలేస్తున్నారు.

ఇది మా ఊరికే పరిమితమైన కష్టం కాదు. లాస్ ఏంజెలెస్‌లోని పేరున్న సీడర్స్-సైనాయ్ ఆసుపత్రి కూడా, కంప్యూటర్‌లో ఆర్డర్లు రాయడానికి ఎక్కువ సమయం పడుతోందని వందలాది వైద్యులు అభ్యంతరం చెప్పడంతో, తన కొత్త వ్యవస్థను 2003 జనవరిలో నిలిపివేయవలసి వచ్చింది.

మంచి కూడా చెప్పాలి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షలో మూడేళ్ల క్రితపు ఫలితాన్ని నేటి ఫలితం పక్కన పెట్టి చూడగలగడం కిడ్నీ రోగుల విషయంలో ఎంతో విలువైనది. ఆ ఒక్క కారణంతోనైనా నేను పాత పద్ధతికి తిరిగి వెళ్లాలని కోరను. అయితే కొనబోయే ఆసుపత్రులు ముందుగా తమ సిస్టర్లతో ఒక రాత్రి షిఫ్టు మొత్తం దీన్ని వాడించి చూడాలి, మొదటి కొన్ని వారాలు ఓపీ సంఖ్యను తగ్గించుకోవడానికి యాజమాన్యం సిద్ధపడాలి. మా దగ్గర గత ఏడాది రెండు వార్డులకు మంచం దగ్గరికి తీసుకెళ్లే ట్యాబ్‌లు ఇచ్చారు. జ్వరం చార్టులో వేళలు సరిగ్గా ఉంటున్నది ఆ రెండు వార్డుల్లోనే.