నల్లకాళ్ల ఫెరెట్‌ను నిలబెట్టాలంటే ఏది మేలు: జత కట్టించడమా, కృత్రిమ గర్భధారణా, క్లోనింగా?

ఈ మూడు పద్ధతులనూ ఒకే జాతి మీద పోల్చి చూడాలంటే అమెరికాలోని నల్లకాళ్ల ఫెరెట్‌ను మించిన ఉదాహరణ లేదు. ముంగిసలా సన్నగా, పొడుగ్గా ఉండే, అంతరించిపోయిందనుకున్న ఈ మాంసాహార జంతువు 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర మళ్లీ కనబడింది. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు సోకి వరసగా చనిపోతుంటే 1985–87 మధ్య మిగిలిన 18 ఫెరెట్లను పట్టి తెచ్చారు. వాటిలో వంశం నిలిచింది ఏడింటికే. అందుకే ఇక్కడ ఎన్ని పిల్లలు పుట్టాయన్న దానికన్నా ఏ వంశంలో పుట్టాయన్నదే పెద్ద ప్రశ్న.

మొదటి ఓటు మామూలుగా జత కట్టించడానికే. ఆడది వసంతంలో ఎదకు వస్తుంది. యోని ద్వారం ఉబ్బిందా అని చూస్తే చాలదు, యోని లోపలి కణాల నమూనా (స్మియర్) తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. కణాల్లో 90 శాతానికి పైగా గట్టిపడి పొలుసుల్లా కనిపిస్తే అప్పుడు మగదాని దగ్గరికి వదలాలి. తొందరపడితే కొట్లాటే మిగులుతుంది. జత కట్టడం వల్లే అండం విడుదలవుతుంది కాబట్టి హార్మోన్లతో పని లేదు. దాదాపు 42 రోజులకు పిల్లలు పుడతాయి. ఖర్చు తక్కువ, మత్తు ఇవ్వాల్సిన అవసరం లేదు. అడవికి వదిలిన ఫెరెట్లలో అత్యధిక భాగం ఇలా పుట్టినవే.

చిక్కంతా మగవాటితోనే. వృషణాలు మెత్తగా ఉండి సీజన్‌కు సిద్ధం కానివి కొన్ని, ఆడదాన్ని సరిగా పట్టుకోవడం రానివి కొన్ని. వంశావళి లెక్కలో అత్యంత విలువైన మగది ఇలాంటిదే అయితే దాని జన్యువులు దానితోనే పోతాయి.

కృత్రిమ గర్భధారణ అక్కరకు వచ్చేది ఇక్కడే. అమెరికాలోని స్మిత్సోనియన్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త జోగేల్ హోవర్డ్ బృందం ముందు పెంపుడు ఫెరెట్ల మీద పద్ధతిని సరిచేసుకుంది. వీర్యాన్ని యోనిలో వేస్తే కడుపు నిలవలేదు. మత్తిచ్చి, చిన్న కోత ద్వారా కడుపులోకి పంపే గొట్టం లాంటి కెమెరా (ల్యాప్రోస్కోప్)తో చూస్తూ నేరుగా గర్భాశయంలోకి ఎక్కిస్తేనే ఫలితం వచ్చింది. జత కట్టడం ఉండదు కాబట్టి అండం విడుదలకు హెచ్‌సీజీ అనే హార్మోన్ ఇంజెక్షన్ తప్పనిసరి. ఇంజెక్షన్‌కూ వీర్యం ఎక్కించడానికీ మధ్య గంటల లెక్క తప్పితే ఆ ఏడాదికి ఆ ఆడది వృథా.

ఈ పద్ధతికి అసలు బలం నిల్వ. గుడ్డు పచ్చసొన, గ్లిజరాల్ కలిపిన ద్రావణంలో వీర్యాన్ని చల్లబరిచి మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో దాస్తారు. గడ్డకట్టేటప్పుడూ కరిగేటప్పుడూ శుక్రకణాల పైపొరలు దెబ్బతింటాయి కాబట్టి తాజా వీర్యమంత నమ్మకం ఉండదు. అయినా 10 నుంచి 20 ఏళ్లు నిల్వ ఉన్న వీర్యంతో బతికిన పిల్లలు పుట్టాయి. చనిపోయిన మగది మళ్లీ తండ్రి కావడం చిన్న విషయం కాదు. ప్రతి ఆడదానికీ దీన్ని వాడటం మాత్రం అనవసరమైన మత్తు, అనవసరమైన కోత.

వీర్యం కూడా దాచలేకపోయిన వంశాలకు మిగిలిన దారి క్లోనింగ్, అంటే దాచిన కణంలోని జన్యు పదార్థాన్ని మరో జంతువు అండంలో పెట్టి నకలును పుట్టించడం. విల్లా అనే ఆడ ఫెరెట్ 1988లో చనిపోయింది, దానికి బతికున్న వారసులు లేరు. శాన్ డియేగోలో గడ్డకట్టించి దాచిన దాని కణాల నుంచి 2020 డిసెంబరు 10న ఎలిజబెత్ ఆన్ పుట్టింది. ఇప్పుడున్న ఫెరెట్లతో పోలిస్తే విల్లా జన్యువుల్లో ప్రత్యేకమైన వైవిధ్యం మూడు రెట్లు ఎక్కువ. కానీ గర్భాశయ సమస్య వల్ల ఎలిజబెత్ ఆన్‌కు పిల్లలు కలగలేదు. 2023లో పుట్టిన మరో క్లోన్ ఆంటోనియా 2024లో మూడు పిల్లల్ని కన్నది, రెండు బతికాయి.

క్లోనింగ్‌లో ఒక మెలిక ఉంది. అండం పెంపుడు ఫెరెట్‌ది కాబట్టి మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే, సొంత జన్యువులున్న భాగం) కూడా దానిదే, అది తల్లి నుంచే దిగుతుంది. అందుకే క్లోన్ కన్న మగ పిల్లల ద్వారా వంశాన్ని నడిపితే విల్లా జన్యువులు వస్తాయి, పరాయి మైటోకాండ్రియా ఆగిపోతుంది. లక్షణంగా పుట్టిన ఒక్క మగ పిల్ల విలువ ఇక్కడ అంత.

నన్నడిగితే ముందు జత కట్టించాలి. జత కట్టని విలువైన మగవాటికి కృత్రిమ గర్భధారణ వాడాలి, క్లోనింగ్‌ను తెగిపోయిన వంశాలకే పరిమితం చేయాలి. ఖర్చు తగ్గించాల్సి వస్తే నిల్వ ట్యాంకుల మీద మాత్రం తగ్గించకూడదు, నత్రజని అడుగంటితే రెండో దారీ మూడో దారీ ఒకేసారి మూసుకుపోతాయి.

ఏ దారిలో పుట్టినా వదిలే ముందు పిల్లల్ని కనీసం 30 రోజులు బొరియలున్న ఆవరణలో ఉంచి, ప్రెయిరీ డాగ్‌ను (నేలలో బొరియలు చేసుకునే ఉడుత జాతి జంతువు) వేటాడటం నేర్పించాలి. పంజరం నుంచి నేరుగా వదిలినవి ఎక్కువ కాలం బతకవు. ప్లేగు, డిస్టెంపర్ టీకాలు వేయాలి. వదిలే చోట జంతువుల ఒంటి మీద రక్తం పీల్చే గోమార్ల (ఫ్లీ) ద్వారా ప్లేగు వ్యాపించకుండా ప్రెయిరీ డాగ్ బొరియల్లో డెల్టామెత్రిన్ అనే పురుగుమందు పొడి చల్లాలి, ఎందుకంటే ఫెరెట్ తిండిలో దాదాపు 90 శాతం ఆ ప్రెయిరీ డాగులే.