డాట్సన్ పేరు చూసి మోసపోయాను: సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎయిర్‌బ్యాగ్ లైటు చూశాకే డబ్బు కట్టండి

సెకండ్ హ్యాండ్‌లో డాట్సన్ గో, గో ప్లస్ కార్లు వెతుకుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను కొన్న గోలో ఎయిర్‌బ్యాగులు లేవు. ఉండాల్సిన మోడలే. స్టీరింగ్ మీద గుర్తు కూడా ఉంది. లోపల మాత్రం ఖాళీ. ఐదు నెలల పాటు నా భార్యనీ, ఇద్దరు పిల్లల్నీ ఆ బండిలోనే కడప నుంచి తిరుపతికీ, రాజంపేటకీ తిప్పాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టదు.

తప్పు ఎవరిదో ముందే చెప్తాను. ఇది బండి తయారుచేసిన కంపెనీ చేసిన పని కాదు. నాకు అమ్మిన సెకండ్ హ్యాండ్ కార్ల యార్డు వాళ్లు తెలిసి చేసిన మోసం. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి వాళ్ల పేరు ఇక్కడ రాయను. పేరు కన్నా, వాళ్లు నన్ను ఎలా బుట్టలో వేశారన్నది మీకు ఎక్కువ పనికొస్తుంది.

"జపాన్ బండి సార్. నిస్సాన్ వాళ్లదే. ఇంజిన్ గురించి మీరు ఆలోచించనే అక్కర్లేదు." యార్డులో ఆ కుర్రాడు అన్న మొదటి మాట ఇది. నాకు అంతకు ముందే ఆ పేరు మీద గురి ఉంది. మా పెద్దనాయన 80ల మొదట్లో కువైట్‌లో డ్రైవరుగా పనిచేశారు. నీళ్ల డ్రమ్ములు వేసుకుని డాట్సన్ పికప్‌లో ఎడారి దారుల్లో తిరిగేవాళ్లమని, ఒక్కనాడు కూడా దారిలో ఆగలేదని నా చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నారు. మా ఇంట్లో డాట్సన్ అంటే మొండి బండి. అందుకే 2019 మోడల్ గో, 46 వేల కిలోమీటర్లు తిరిగింది, 2 లక్షల 65 వేలు అనగానే పెద్దగా బేరం కూడా ఆడలేదు. మెకానిక్‌ని వెంట తీసుకెళ్లలేదు. సీటు కవర్లు కొత్తవి, డాష్‌బోర్డు మీద కూడా కొత్త లెదర్ కవరు. శుభ్రంగా పెట్టారనుకుని సంతోషించాను. ఆ కవర్లు ఎందుకు వేశారో తర్వాత తెలిసింది.

మోసం బయటపడ్డాక ఈ డాట్సన్ కథ ఏమిటో కూర్చుని చదివాను. కొనక ముందు చదవాల్సింది. పెద్దనాయన చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆయన నడిపిన డాట్సన్ వేరు, నేను కొన్నది వేరు. ఇది కొనేవాళ్లకి నిజంగా అవసరమైన విషయం, అందుకని కొంచెం వివరంగానే రాస్తాను.

1911లో మసుజిరో హషిమొతో అనే ఇంజనీరు టోక్యోలో క్వైషిన్షా అనే చిన్న కార్ల కర్మాగారం పెట్టాడు. ఆయనకి అండగా నిలిచిన ముగ్గురు డెన్, అయొయమ, తకెఉచి. ఇంగ్లీషులో వాళ్ల పేర్ల మొదటి అక్షరాలు (డి, ఎ, టి) కలిపి 1914లో తయారైన కారుకి 'డాట్' అని పెట్టారు. జపాన్ భాషలో 'దత్తొ' అంటే పరుగు తీసే కుందేలు, ఆ అర్థం కూడా కలిసొచ్చింది. 1931లో చేసిన చిన్న కారుకి డాట్ కొడుకు అన్న అర్థంలో 'డాట్‌సన్' అన్నారు. అయితే 'సన్' అనే మాటకి వాళ్ల భాషలో నష్టం అని అర్థం. వ్యాపారానికి ఆ మాట అచ్చిరాదని ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక్క అక్షరం మార్చి (Son ని Sun చేసి), సూర్యుడు అనే అర్థం వచ్చేలా చేసుకున్నారు. 1933 డిసెంబరులో యొషిసుకె ఐకవా యొకొహమలో పెట్టిన కంపెనీయే మరుసటి ఏడాది నిస్సాన్ అయ్యింది. డాట్సన్ ఆ కంపెనీ చిన్న కార్ల పేరు.

ఆ పేరుకి ప్రపంచమంతా గౌరవం రావడానికి కారణం రోడ్డు మీద, ర్యాలీల్లో ఆ బండ్లు చేసి చూపించిన పని. 1958లో ఆస్ట్రేలియా చుట్టూ జరిగిన మొబిల్‌గ్యాస్ ట్రయల్ అనే కార్ల ర్యాలీలో డాట్సన్ 210 తన క్లాసులో గెలిచింది. ఆ జట్టుని నడిపించిన యుటక కతయమ తర్వాత అమెరికాలో డాట్సన్ అమ్మకాలు చూసుకున్నారు. 510 సెడాన్, 240జెడ్ స్పోర్ట్స్ కారు అక్కడ పేరు తెచ్చింది ఆయన హయాంలోనే. తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీ అంటే బురద, రాళ్లు, దుమ్ము, వేల కిలోమీటర్లు. దాన్ని మొత్తం ఐదుసార్లు గెలిచిన డ్రైవర్ శేఖర్ మెహతా. ఉగాండాలో భారతీయ కుటుంబంలో పుట్టినవాడు. 1973లో 240జెడ్‌తో, మళ్లీ 1979 నుంచి 1982 దాకా వరుసగా నాలుగుసార్లు, అన్నీ డాట్సన్ బండ్లతోనే గెలిచాడు. ఇది చదువుతుంటే నాకు ఒళ్లు పులకరించింది. పెద్దనాయనకి చదివి వినిపిస్తే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన కువైట్‌లో పికప్ తోలింది సరిగ్గా ఆ రోజుల్లోనే.

కానీ ఆ డాట్సన్ అక్కడితో అయిపోయింది. ఇకపై అన్ని దేశాల్లోనూ నిస్సాన్ అనే పేరే వాడాలని 1981లో కంపెనీ నిర్ణయించింది. 1986 నాటికి కార్ల మీద డాట్సన్ అనే బ్యాడ్జి లేకుండా పోయింది.

దాదాపు పాతికేళ్ల తర్వాత, 2012 మార్చిలో, అప్పటి నిస్సాన్ అధినేత కార్లోస్ ఘోస్న్ జకార్తాలో ఆ పేరుని మళ్లీ బయటికి తీశారు. ఈసారి లెక్క వేరు. ఇండియా, ఇండోనేషియా, రష్యా లాంటి దేశాల్లో మొదటిసారి కారు కొనేవాళ్లకి తక్కువ ధరలో బండి ఇవ్వాలి. ఆ ధర కోసమే ఆ పేరు. 2013 జులైలో గో కారుని మన దేశంలోనే మొదట చూపించారు. చెన్నై దగ్గర ఒరగడం ఫ్యాక్టరీలో తయారై 2014 మార్చిలో 3 లక్షల 12 వేల ప్రారంభ ధరకి అమ్మకానికి వచ్చింది. 1.2 లీటరు ఇంజిన్, మైలేజీ, లోపల స్థలం, ఇవన్నీ ఆ ధరకి బాగానే ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్ లేదు.

అదే ఏడాది నవంబరులో, కార్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లు ఇచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ ఆ కారుని గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. పెద్దవాళ్ల రక్షణలో సున్నా స్టార్లు. బాడీ అంతగా నలిగిపోయిందని, ఎయిర్‌బ్యాగ్ బిగించినా ప్రయోజనం ఉండదని రిపోర్టులో రాశారు. ఆ సంస్థ ఛైర్మన్ మాక్స్ మోస్లీ, ఈ కారుని భారత మార్కెట్ నుంచి వెనక్కి తీసుకోవాలని ఘోస్న్‌కి లేఖ కూడా రాశారు. ఇవన్నీ అప్పట్లో పేపర్లలో వచ్చిన సంగతులే. 'జపాన్ బండి' అన్న ఒక్క మాట విని కొన్న నాలాంటివాళ్లం పట్టించుకోలేదు.

2018 అక్టోబరులో గో, గో ప్లస్ కొత్త రూపంలో వచ్చినప్పుడు అన్ని వేరియంట్లలోనూ రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఇచ్చారు. ఆ తర్వాత 2019 జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ లేకుండా దేశంలో ఏ కొత్త కారూ అమ్మకూడదని నిబంధన వచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో చూసేటప్పుడు ఈ తేదీ గుర్తుపెట్టుకోండి. 2018 అక్టోబరుకి ముందు తయారైన గోలు చాలా వరకు ఎయిర్‌బ్యాగ్ లేనివే. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. అమ్మేవాడు చెప్పే మోడల్ ఇయర్ కాదు, ఆర్‌సీలో ఉన్నదే చూడండి. 2022 ఏప్రిల్‌లో డాట్సన్ పేరుతో మన దేశంలో తయారీ పూర్తిగా ఆగిపోయింది. సర్వీసు, విడిభాగాలు నిస్సాన్ ద్వారా అందుతాయని అప్పుడే ప్రకటించారు.

నేను 2019 మోడల్ అన్న ధీమాతోనే కొన్నాను. రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, పిల్లలకి సేఫ్ అనుకున్నాను.

ఐదో నెలలో హారన్ సరిగా మోగడం మానేసింది. మా ఊళ్లో నమ్మకమైన మెకానిక్ భాయ్ దగ్గరికి తీసుకెళ్లాను. స్టీరింగ్ మధ్యలో కవర్ విప్పబోతుంటే అది స్క్రూల మీద కాకుండా గమ్ మీద నిలబడి ఉంది. ఊడదీస్తే లోపల ఎయిర్‌బ్యాగ్ లేదు. ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా ఎడమవైపు డాష్‌బోర్డు మీద లెదర్ కవరు పైకి లాగాడు. కింద ప్లాస్టిక్ నిలువునా చీలి, లప్పం పెట్టి సాపు చేసి ఉంది. ముందు సీట్ల బెల్టులు కూడా వేరే బండివి తెచ్చి బిగించారు. మరి మీటర్లో ఎయిర్‌బ్యాగ్ లైటు రోజూ వెలిగి ఆరిపోతోంది కదా అన్నాను. ఆయన మీటర్ విప్పి చూపించాడు. ఆ లైటు వైరుని ఆయిల్ లైటుకి కలిపేశారు. ఇంజిన్ స్టార్ట్ కాగానే ఆయిల్ లైటుతో పాటు అదీ ఆరిపోతుంది. చూసేవాడికి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది.

ఆర్‌సీలో ఉన్న పాత ఓనర్‌ని వెతికి పట్టుకుని మాట్లాడితే అసలు సంగతి తెలిసింది. బండి డివైడర్‌ని గుద్దింది. బీమా కంపెనీ టోటల్ లాస్ కింద, అంటే బాగు చేయించడం దండగ అని తేల్చి, డబ్బిచ్చేసింది. ఆయన ఫారాల మీద సంతకాలు పెట్టి తుక్కు ధరకి వదిలేశారు. అది చేతులు మారి, రంగు వేసుకుని, యార్డులో నా కోసం ఎదురుచూసింది.

ఇది ఎందుకు చేస్తారో లెక్క వేస్తే అర్థమవుతుంది. రెండు ఎయిర్‌బ్యాగులు, వాటి కంట్రోల్ యూనిట్, బెల్టులు, డాష్‌బోర్డు అన్నీ అసలువి వేయడానికి నాకు వచ్చిన ఎస్టిమేట్ 95 వేలు దాటింది. రెండున్నర లక్షల బండి మీద లక్ష ఖర్చు పెడితే అమ్మేవాడికి ఏం మిగులుతుంది? అందుకే ఖరీదైన కార్ల కన్నా ఇలాంటి చవక కార్లలోనే ఈ మోసానికి ఆశ ఎక్కువ.

దయచేసి మీరు ఈ పని చేయండి. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా మీటర్ వైపు చూడండి. మనిషి ముందు బంతి ఉన్నట్టుండే ఎరుపు గుర్తే ఎయిర్‌బ్యాగ్ లైటు. అది వెలిగి, కొన్ని సెకన్లలో తనంతట తాను ఆరిపోవాలి. ఆయిల్ లైటు, బ్యాటరీ లైటు ఇంజిన్ స్టార్ట్ అయ్యేదాకా వెలుగుతూనే ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ లైటు వాటితో పాటే ఆరుతోందంటే వైరు కలిపేశారని అనుమానించాలి. అసలు వెలగకపోయినా, ఆరకపోయినా ఆ బండి వద్దు. నేను రోజూ తాళం తిప్పగానే స్టార్ట్ చేసేవాణ్ణి కాబట్టి ఈ తేడా కనిపెట్టలేకపోయాను.

తర్వాత మెకానిక్ చేత స్కానర్ (బండిలోని ఎలక్ట్రానిక్ భాగాల్ని పరీక్షించే యంత్రం) పెట్టించి ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్, అంటే దాని కంట్రోల్ యూనిట్, చదివించండి. స్కానర్‌కి మాడ్యూలే దొరకలేదంటే అక్కడితో బేరం ఆపేయండి. సీటు బెల్టుని పూర్తిగా బయటికి లాగితే కింద కుట్టిన లేబుల్ మీద తయారీ తేదీ ఉంటుంది, బండి తేదీకి దగ్గరగా ఉండాలి. డాష్‌బోర్డు మీద కవర్ ఉంటే మొహమాటపడకుండా తీసి చూపించమనండి.

బీమా కాగితం కూడా చూడండి. నాకు ఇచ్చింది థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే, దానికి ముందు ఎనిమిది నెలల గ్యాప్. ఆ గ్యాప్ బండి తుక్కులో పడి ఉన్న కాలం. ఫుల్ ఇన్సూరెన్స్ అయితే పాలసీలో నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనివాళ్లకి ఇచ్చే తగ్గింపు) ఎంత ఉందో చూడండి. నాలుగైదేళ్లు ఒకే ఓనర్ దగ్గరున్న బండికి అది సున్నా అని ఉంటే, కిందటేడు క్లెయిమ్ జరిగిందా అని నిలదీసి అడగండి.

2023 ఏప్రిల్ 1 నుంచి సెకండ్ హ్యాండ్ బండ్ల డీలర్లు రవాణా శాఖ నుంచి అధీకృత ధ్రువపత్రం తీసుకోవాలన్న నిబంధన అమల్లో ఉంది. అది చూపించమని అడగండి. నేను అడగలేదు. పైగా 'ఉన్నది ఉన్నట్టుగా కొంటున్నాను' అనే కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాను. వెళ్లి అడిగితే వాళ్లు మొదట బయటికి తీసింది ఆ కాగితమే. "చూసుకునే కదా సార్ తీసుకున్నారు" అన్నారు. పిల్లలు కూర్చునే సీటు ముందు లప్పం పెట్టి అమ్మి, ఆ మాట ఎలా అనగలిగారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాను. మెకానిక్ భాయ్ విప్పేటప్పుడు అదృష్టం కొద్దీ ఫోన్‌లో వీడియో తీశాను. మీకూ ఇలాంటిది ఎదురైతే, అన్నీ విప్పక ముందే వీడియో మొదలుపెట్టండి. బండి నంబరు, మీటర్ రీడింగ్, తేదీ కనిపించేలా తీయండి. యార్డు వాళ్ల వాట్సాప్ మెసేజీలు, యాడ్ ఫొటోలు చెరిపేయకండి. నా యాడ్‌లో 'డ్యూయల్ ఎయిర్‌బ్యాగ్స్' అని స్పష్టంగా రాసి ఉంది. నా కేసులో ఇప్పుడు అదే పెద్ద ఆధారం.

బండి ఇంటి ముందే ఉంది, కేసు తేలేదాకా కదిలించను. దీన్ని వేరేవాళ్లకి అమ్మేయమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. ఆ పని నేను చేయను.

ఇప్పటికే సెకండ్ హ్యాండ్‌లో కారు కొని వాడుతున్నవాళ్లు, అది ఏ కంపెనీదైనా సరే, రేపు పొద్దున తాళం తిప్పి పది సెకన్లు ఆగి చూడండి. ఆ ఎర్ర లైటు తనంతట తాను వెలిగి ఆరకపోతే, మెకానిక్‌కి చూపించేదాకా పిల్లల్ని ఎక్కించకండి.