బ్రోచర్‌లో బొమ్మ చూసి పాత పేటలో ఫ్లాట్ కొనకండి

పాత ఇల్లు పడగొట్టి ఆ జాగాలో కట్టిన కొత్త అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ తీసుకోవాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. మేం కొన్న భవనం ఆ వీధికే వికారంగా తయారైంది. ఆ వికారం బయటే ఆగిపోయినా కొంత సరిపెట్టుకునేవాళ్లం, గోడల్లోంచి లోపలికీ వచ్చింది.

బ్రోచర్‌లో ఇటుకరంగు గోడలు, లోతైన బాల్కనీలు, ప్రతి కిటికీ మీదా సన్‌షేడ్, ముందు పెద్ద చెట్లు. చుట్టుపక్కల పెంకుటిళ్లతో కలిసిపోయేలా ఉంటుందన్నారు. కట్టి ఇచ్చింది మాత్రం రోడ్డు అంచుదాకా వచ్చిన ఒక నున్నటి డబ్బా. ముఖానికి బూడిదరంగు ఏసీపీ షీట్లు (అల్యూమినియం రేకులతో చేసిన పలకలు), పక్క గోడలకు నాసిరకం పెయింటు, డ్రైనేజీ పైపులన్నీ వీధివైపే. బాల్కనీలో కుర్చీ వేస్తే తలుపు తెరుచుకోదు. చెట్లు చూపించిన చోట పార్కింగ్ ర్యాంపు ఉంది. నిలదీస్తే బిల్డర్ బ్రోచర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉన్న ‘ఊహాచిత్రం మాత్రమే’ అన్న మాట చూపించాడు. అగ్రిమెంట్‌లో స్విచ్చులు, టైల్స్ ఏ కంపెనీవో కూడా రాశారు గానీ ఎలివేషన్ గురించి, అంటే భవనం బయటికి ఎలా కనిపించాలో, ఒక్క ముక్క లేదు.

వానలు మొదలయ్యాక అసలు సంగతి తెలిసింది. సన్‌షేడ్లు ఎగ్గొట్టారు సరే, కిటికీ కింది పలకనైనా గోడకన్నా ముందుకు తీసి, దాని అడుగున సన్నటి గాడి పెట్టాలి. గోడ దాకా రాకుండా నీళ్లు ఆ గాడి దగ్గరే చుక్కలుగా రాలిపోతాయి. అది లేకపోతే పలక అడుగుకి అంటుకుని గోడ మీదికే జారుతాయి. మా భవనానికి ప్రతి కిటికీ మూల నుంచీ నల్లటి చారలు దిగాయి. ప్లాస్టరింగులో ఉన్న వెంట్రుకవాసి పగుళ్లలోంచి తడి లోపలికి దిగి, బెడ్‌రూమ్ కిటికీ పక్కన పుట్టీ ఉబ్బి పొరలుగా రాలుతోంది. ఎదురింటి పాత గోడకు మాత్రం ఒక్క చార లేదు. దాని చూరూ, కిటికీల మీద ముందుకొచ్చిన అంచులూ అందం కోసమే అనుకుంటాం గానీ, నీటిని గోడకు దూరంగా పడేసేది అవే.

ఏసీపీ షీట్ల విషయం ఇంకా ముఖ్యం. రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య ఏం నింపారో అడగండి. ఉత్త పాలిథిలీన్ ప్లాస్టిక్ అయితే మంట దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మంది చనిపోయిన అగ్నిప్రమాదంలో మంటలు అంత వేగంగా పాకడానికి ముఖ్య కారణం అలాంటి షీట్లే. మంటను తట్టుకునే ఖనిజ పదార్థం నింపినవీ దొరుకుతాయి. మాటతో సరిపెట్టుకోకుండా టెస్ట్ సర్టిఫికెట్ చేతిలో పెట్టమనండి.

పక్కింటివాళ్ల బాధ వేరే. పాత ఇళ్ల పునాదులు చాలావరకు లోతు తక్కువ. వాటి పక్కనే సరైన దన్ను లేకుండా గొయ్యి తవ్వితే గోడలు కదులుతాయి. వాళ్ల ఇంటికి పగుళ్లొచ్చాయి, బిల్డర్ చేతులు దులుపుకున్నాడు, పాపం ఆ పెద్దావిడ ఇప్పుడు మమ్మల్ని అడుగుతున్నారు. ఆవిడ అడగడంలో తప్పేమీ లేదు. తవ్వకానికి ముందు పక్క ఇళ్ల ఫొటోలు తీసి రికార్డు చేశారా అని కొనేముందే కనుక్కోండి.

ఎలివేషన్ డ్రాయింగు, బయట వాడే సామగ్రి జాబితా, సన్‌షేడ్ల కొలతలు సంతకాలతో అగ్రిమెంట్‌కు జతచేయించండి. ఒప్పుకోకపోతే ఆ ఫ్లాట్ వదిలేయండి. అదే బిల్డర్ కొన్నేళ్ల కిందట కట్టిన భవనాన్ని వాన వెలిశాక వెళ్లి చూడండి, ముందువైపు కాదు, పక్కలూ వెనకా. అక్కడ ఉంటున్నవాళ్లతో మాట్లాడండి.

మేమంతా కలిసి సన్‌షేడ్లు వేయాలని, తడి ఆపాలని రాతపూర్వకంగా అడిగాం, ఇంకా జవాబు లేదు. ఈలోగా ఆ బిల్డర్ ఇదే వీధిలో ఇంకో పాత ఇల్లు తీసుకుని బుకింగులు మొదలుపెట్టాడు. కొత్త బ్రోచర్ మీద ఉన్నది మాకు చూపించిన బొమ్మే, రంగు ఒక్కటే మార్చారు.