అయిదు లీటర్ల స్ప్రే పంపు: గిన్నెలకు భేష్, తలస్నానానికి చాలదు

ఎరువుల దుకాణాల్లో పూలమొక్కలకని అమ్మే పంపు ఇది: చేత్తో గాలి కొట్టి ట్రిగ్గర్ నొక్కితే నీళ్లు చిమ్ముతుంది. విదేశాల్లో వ్యాన్‌నే ఇల్లు చేసుకుని తిరిగేవాళ్లు చాలామంది ఇలాంటి దాంతోనే ఒళ్లు కడుక్కుంటారు. మహారాష్ట్రలోని బల్లార్షా, రాజురా, సిరొంచ వైపు నల్లా రాని రోజున డ్రమ్ము నీళ్లతో నెట్టుకొచ్చే ఇళ్లకూ ఇది కొనదగ్గ వస్తువే.

గిన్నెలకు దీన్ని మించింది లేదు. ముందు ఎంగిలి, జిడ్డు పాత పేపరుతో తుడిచెయ్యాలి. తడి స్పాంజితో అన్నీ ఒకేసారి తోమి, టబ్బులో ఏటవాలుగా పేర్చాలి. పై పళ్లెం మీద కొడితే, జారిన నీళ్లే కింది గిన్నెల నురగను సగం దించేస్తాయి. నాజిల్‌ను, అంటే నీళ్లు చిమ్మే మూతిని, మరీ పొగమంచులా తిప్పితే సబ్బు వదలదు, నిండు ధార పెడితే నీళ్లు చిమ్మి వృథా. రెంటికీ మధ్యన ఆపాలి. టబ్బులో మిగిలిన నీళ్లు పాయఖానాలోకి పనికొస్తాయి.

ఒంటి స్నానం నాలుగైదు లీటర్లలో అయిపోతుంది. తడిపి, ట్రిగ్గర్ వదిలి, సబ్బు రుద్దుకుని, మెడ నుంచి కిందికి కొట్టుకోవాలి. పొడుగు జుట్టులో షాంపూ మాత్రం దీంతో వదలదు, చెంబు ఉండాల్సిందే. బట్టలకు అసలు పనికిరాదు.

నీళ్లు డబ్బా మీది గీత దాటి పోయకండి. పైన గాలికి చోటు లేకపోతే నాలుగు పోట్లకే పంపు కడ్డీ బిగుసుకుంటుంది, కాస్త నీళ్లు చిమ్మగానే ఒత్తిడి చచ్చిపోతుంది. కాగే నీళ్లు పోస్తే ప్లాస్టిక్ మెత్తబడుతుంది, గోరువెచ్చనివి చాలు. గాలి నింపి ఎండలో వదలడం ప్రమాదం: లోపలి గాలి వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది. మూత విప్పేముందు వాల్వ్ లాగి గాలి తీసెయ్యాలి.

బోరు నీళ్లను గుడ్డలో వడగట్టి పొయ్యండి. ఉప్పు పేరుకుని నాజిల్ మూసుకుపోతే నిమ్మరసంలో నానబెట్టి పాత బ్రష్‌తో తోమాలి. పిన్నీసుతో పొడిస్తే రంధ్రం పెద్దదై ధార పక్కకు పోతుంది. ఎంత కొట్టినా గాలి పట్టకపోతే పంపు కడ్డీ చివరి రబ్బరు రింగు ఎండిపోయిందన్నమాట. సిలికాన్ గ్రీజు రాయండి, వాజలీన్ కొన్ని రకాల రబ్బరును ఉబ్బిస్తుంది.

పురుగుమందు కొట్టిన పాత పంపును ఎంత కడిగినా ఈ పనికి వాడొద్దు. కొత్తదే కొనండి. కొట్లోనే నీళ్లు పోయించి, గాలి కొట్టి, మూత చుట్టూ చెమ్మ వస్తోందేమో వేలితో తడిమి చూడండి. విడి వాషర్లు అమ్మని దుకాణంలో కొనకండి.