కోనసీమ తేమకు లొంగని కార్క్

మోడల్ రైలు పట్టాల కింద చప్పుడు తగ్గడానికి కార్క్ (సీసా బిరడాలు చేసే మెత్తటి బెరడు) వేయాలా, ఫోమ్ వేయాలా అని అడిగితే నేను కార్కే వేయమంటాను. మాది అమలాపురం. ఇక్కడి గాలికి పనిముట్లు తుప్పు పడతాయి, తలుపులు ఉబ్బి మూసుకోవు, వానాకాలంలో బీరువాలో బట్టలకు కూడా బూజు పడుతుంది. ఇన్నేళ్లుగా మా మేడ మీద గదిలో ఏ మార్పూ లేకుండా ఉన్నది ఈ కార్కే. హెచ్‌ఓ స్కేలు (నిజం రైలులో 87వ వంతు), కార్క్ 5 మి.మీ. మందం, పైన వంచుకోగలిగే ఫ్లెక్స్ ట్రాక్.

కొన్నేళ్లకు కార్క్ ఎండి, పెళుసెక్కి, పొడిపొడిగా రాలిపోతుందని విని కొనేముందు చాలా ఆలోచించాను. పొడిగాలి ఊళ్లలో అది నిజమే. చుట్టూ కాలువలూ చేపల చెరువులూ ఉన్న మా దగ్గర మాత్రం ఇప్పటికీ వంచితే వంగుతోంది. వంపుల దగ్గర కూడా ఎక్కడా చీలలేదు.

అసలు పరీక్ష ఒక తుఫాను రాత్రి వచ్చింది. గాలికి కిటికీ రెక్క ఊడి, జల్లు తెల్లవార్లూ నా మోడల్‌లో బళ్లు నిలిపే యార్డు మీద పడింది. ఆ యార్డు పేరు అమలాపురం. కోటిపల్లి–నర్సాపురం లైను పూర్తికాక మా ఊరికి నిజం రైలు ఇంకా రాలేదు, అందుకే నాకు ఆ నాలుగు లైన్లంటే ప్రాణం. ప్లైవుడ్ చాలక వడ్రంగి యార్డు కింద పార్టికల్ బోర్డు ముక్క వేశాడు. నీళ్లు తాగి అది అంచు పొడవునా ఉబ్బిపోయింది. రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే పాయింట్లు పైకి లేచాయి, ఇంజను పెట్టిన ప్రతిసారీ పట్టాలు తప్పింది. ఇనుప పిన్నులు తుప్పు పట్టి గోధుమరంగు మరకలు వదిలాయి. ఇక అంతా పీకి పారేయాల్సిందే అనుకున్నాను.

కార్క్‌ను నేను మామూలు తెల్ల ఫెవికాల్‌తో అంటించాను. గోరువెచ్చని నీళ్లు పోసి కాసేపు ఆగి, పుట్టీ బ్లేడు కిందికి తోస్తే ముక్క ముక్కంతా చిరగకుండా లేచి వచ్చింది. పేపరు మీద పరిచి, పైన పుస్తకాలు బరువు పెట్టి, ఫ్యాను కింద ఆరబెట్టాను. మందం మారలేదు, అంచు ఏటవాలు కూడా అలాగే ఉంది. కార్క్ లోపలి గదులు మూసుకుని ఉండటంతో నీరు లోపలికి దిగదు, సీసాలకు బిరడాగా వాడేదీ అందుకే. కొత్త ప్లైవుడ్ మీద మధ్య గీత గీసుకుని, ఆ పాత కార్క్‌నే మళ్లీ పరిచాను. పట్టాలు నికెల్ సిల్వర్ అనే తుప్పు పట్టని మిశ్రమలోహానివి కాబట్టి గుడ్డతో తుడిస్తే సరిపోయింది.

పట్టాలు మెలి తిరిగితే ఎండ వేడి వల్లే అంటారు. కానీ వేడి 20 డిగ్రీలు పెరిగితే మీటరు పట్టా సాగేది మిల్లీమీటరులో మూడో వంతే. మా దగ్గర ఎక్కువగా కదిలేది కింద ఉన్న చెక్క. అది తేమకు ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. అందుకే పట్టాలను కలిపే జాయినర్ల దగ్గర పోస్టుకార్డు మందం ఖాళీ వదులుతాను. కార్క్ అతుకు, పట్టా అతుకు ఒకేచోట పడనివ్వను.

చప్పుడు విషయంలో మాత్రం మొదట్లో నేను అందరికీ చెప్పినంత గొప్పగా ఏమీ లేదు. కంకర వేయకముందు రైలు నిజంగానే మెత్తగా వెళ్లేది. నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో కంకర బిగించాక ఆ హాయి చాలావరకు పోయింది. గట్టిపడిన రాళ్లు స్లీపర్ల అదురును కార్క్ పక్కనుంచి నేరుగా చెక్కకు చేరవేస్తాయి. ఇప్పుడు కంకరకు ఆరినా మెత్తగా ఉండే లేటెక్స్ జిగురు వాడుతున్నాను, కాస్త నయం.

అంచు ఏటవాలుగా కోసి వచ్చే విదేశీ కార్క్ పట్టీలు ఖరీదు. నోటీసు బోర్డులకు వాడే కార్క్ షీటు చవకే, కానీ గింజ ముతక, అంచు ఏటవాలుగా కోయడం ఓపికతో కూడిన పని. నాకు సాయంత్రాలు ఖాళీ కాబట్టి కుదిరింది. రోజంతా ఏసీ నడిచే గదిలోనో, పొడిగాలి ఊళ్లోనో ఉంటే ఇది ఇన్నేళ్లు మెత్తగా ఉంటుందని నేను హామీ ఇవ్వలేను. డెల్టాలో ఉండి, కింద మంచి ప్లైవుడ్ వేయించగలిగితే మాత్రం ధైర్యంగా కొనండి.